పోరుమామిళ్ల చెరువు చెప్పు నీటిపాఠము

మానవుడు లోకమున విడిచిపోదగిన సంతానము ఏడు విధములని మన పూర్వులు చెప్పిరి. కుమారుడు, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము, కావ్యము, తటాకము - ఇవి సప్తసంతానములు. కన్నబిడ్డను, త్రవ్వించిన చెరువును ఒకే వరుసలో నిలిపిన ఆ భావన మిక్కిలి గంభీరమైనది. బిడ్డ వంశమును నిలుపును. చెరువు ఊరిని నిలుపును. అయితే ఈ రెండు సంతానములకు నడుమ పరిచయము తెగిపోయినచో ఏమగును? చెరువు నెరుగని బిడ్డలు పెరిగి పెద్దవారైన ఊరిలో చెరువును కాపాడువారెవరు? ఈ ప్రశ్న నాకు ఒక చిన్న అనుభవమువలన కలిగినది.

బెంగుళూరులో మా వాడ తెలుగు కుటుంబముల పిల్లలకు ఆదివారములందు తెలుగు చదువు చెప్పుచుండెడివాడను. ఆరేండ్లు మొదలు ఎనిమిదేండ్లవరకు వయసు గల పిల్లలు పదిపన్నెండుమంది వచ్చెడివారు. ఒక వేసవిలో ఊరంతయు నీటికి కటకటపడుచున్న వేళ, 'నీటిని వృథా చేయరాదు' అను వాక్యమును పలకపై వ్రాసి, వారిచేత అయిదేసి మారులు వ్రాయించితిని. పాఠము ముగిసినదని సంతృప్తి పొందితిని. మరుసటి వారము, 'మీ యింటికి నీరెక్కడనుండి వచ్చుచున్నదో బొమ్మ గీయుడు' అంటిని. కొందరు కొళాయిని గీసిరి. కొందరు ట్యాంకరు లారీని గీసిరి. ఒక పిల్లవాడు మోటారు మీట గీసెను. ఒక బాలిక నీలిరంగు ప్లాస్టిక్ డబ్బాను ముద్దుగా గీచి చూపెను. మబ్బును గాని, ఏటిని గాని, చెరువును గాని గీసినవారు ఒక్కరును లేరు.

ఇది నవ్వవలసిన విషయము కాదు. వారు చూచినదే వారు గీసిరి. తప్పు నాదే. ఎక్కడనుండి వచ్చునో తెలియని వస్తువును పొదుపు చేయుమని చెప్పిన మాట పసివాని చెవికి ఉత్త నిషేధముగా వినబడును. పరిచయము లేనిదే ప్రేమ పుట్టదు. ప్రేమ లేనిదే పొదుపు నిలువదు. కావున నీటిపాఠమును నిషేధముతో గాక పరిచయముతో ఆరంభింపవలెనని నిశ్చయించుకొని, అట్టి పాఠ్యపుస్తకము మన చరిత్రలో ఎక్కడనైన గలదా యని వెదకితిని. అది కడప జిల్లాలో రాతిపై చెక్కబడి దొరకినది.

విజయనగర స్థాపకులలో నొకడగు మొదటి బుక్కరాయలకు భాస్కరుడను కుమారుడు కలడు. భవదూరుడని ఆతనికి మారుపేరు. ఉదయగిరినుండి ఆ ప్రాంతమును పాలించుచు ఆతడు పోరుమామిళ్ల దగ్గర మాలదేవి యేటికి అడ్డముగా కట్ట వేయించి అనంతరాజసాగరమను చెరువును నిర్మించెను. ఆ వృత్తాంతమును రెండు రాతి ఫలకములపై సంస్కృత భాషలో చెక్కించెను. శా. శ. 1291, అనగా క్రీ. శ. 1369 నాటి మాట. దినమునకు వేయిమంది పనివారు చొప్పున పనిచేసిరనియు, రాళ్లు మోయుటకు నూరు బండ్లు నడచెననియు, పని ముగియుటకు రెండేండ్లు పట్టెననియు ఆ శాసనమున నున్నది.

ఇంతవరకు చెప్పి ఊరకున్నచో అది దానశాసనములలో మరియొకటి మాత్రమే అయి యుండెడిది. దాని విశేషము వేరు. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెరువునకు రాగూడని ఆరు దోషములను ఆ శాసనము వరుసగా లెక్కించి చెప్పుచున్నది.

ధర్మపరుడును, సంపన్నుడును, శాశ్వతకీర్తిని కోరువాడును అగు రాజు మొదటి అంగము. జలశాస్త్ర మెరిగిన పండితుడు రెండవది. గట్టి బంకమట్టి గల నేల మూడవది. మూడు యోజనముల దూరమునుండి తీయని నీటిని తెచ్చు నది నాలుగవది. తరువాత కొండ, ఆ కొండ కొమ్ముల నడుమ మిక్కిలి పొడవు గాక గట్టిగా కట్టిన రాతికట్ట, పండు నేలకు ఎడముగా నిలిచిన కొండకొనలు, విశాలమై లోతైన గర్భము, నిడుపైన రాళ్లు దొరకు గని, దిగువ ఫలవంతమై చదునుగా నున్న పొలము, ప్రవాహవేగము గల నీటిత్రోవ చెప్పబడినవి. పండ్రెండవ అంగము పనితనము గల కూలివాండ్ర సమూహము. రాజుతో మొదలైన జాబితా మట్టిపని యెరిగిన మనుష్యునితో ముగిసినది. ఆ పనివాడు లేనిచో తక్కిన పదునొకండును వ్యర్థములని ఆ కాలమువారికి తెలియును.

ఇక దోషములు. కట్టనుండి నీరు ఊటగా కారుట, చవిటినేల, ఇద్దరు రాజుల పొలిమేరలో చెరువుండుట, చెరువు గర్భమున తాబేటి వీపువలె మిట్ట యుండుట, నీరు స్వల్పమై పారవలసిన నేల విస్తారమగుట, నీరు అధికమై నేల స్వల్పమగుట - ఇవి ఆరు. పొలిమేరను దోషములలో చేర్చిన ఆ పండితుని దూరదృష్టికి, నదీజలముల తగవులు నిత్యము వినుచున్న మనము ఆశ్చర్యపడవలసియే యున్నది.

ఈ పదునెనిమిది విషయములలో అధికభాగము కంటితో చూడదగినవి, చేతితో తాకదగినవి. మట్టి, రాయి, కొండ, వాలు, ఊట, మిట్ట - వీనికి సూత్రములు అక్కరలేదు. ఆరేండ్ల బిడ్డ చేతులు మన్నుచేసికొని వీనిలో పెక్కింటిని ఒక పూటలో గ్రహింపగలడు. పెద్దలకై వ్రాసిన ఈ శాసనము పిల్లలకు ఇంతగా పనికివచ్చుటకు కారణమిదే.

ఈ విద్య ఒక్క తెలుగునేలకే పరిమితమైనదని మనము గర్వపడరాదు. పోరుమామిళ్ల శాసనమునకు పందొమ్మిదేండ్ల పిమ్మట, క్రీ. శ. 1388లో, పెనుగొండను పాలించుచుండిన రాజకుమారుడు బుక్కరాయలు హెన్నె నదిని, అనగా మన పెన్నను, పెనుగొండకు తెప్పింపుమని సింగాయభట్టను జలసూత్రకారుని ఆజ్ఞాపించెను. ఆతడు కాలువ త్రవ్వించి నీటిని సిరువెర చెరువునకు చేర్చెను. ఈ సంగతిని తెలుపు శాసనము నేటి కర్ణాటకములోని గౌరీబిదనూరు ప్రాంతమున నున్నది. పెన్న పుట్టినది నందికొండల సీమలో. పారినది తెలుగు సీమలో. నీటికి భాషాభేదము లేదు. రెండు భాషల నడుమ పెరుగుచున్న మన పిల్లలకు ఈ ఒక్క సంగతి తెలిసినను చాలును.

రాజులను, సూత్రకారులను శాసనములు స్మరించినవి. పండ్రెండవ అంగమైన పనివారిని మాత్రము పేరుపేరున స్మరించినవారు లేరు. మన్ను త్రవ్వుట, రాయి కొట్టుట, కట్ట పోయుట వృత్తిగా గల వడ్డెరలు తెలుగు మాట్లాడుచు తమిళ దేశమునను, కన్నడ దేశమునను తరతరములుగా స్థిరపడియున్నారు. తమిళులు వారిని ఒట్టరులనియు, కన్నడిగులు వడ్డరులనియు పిలిచిరి. దక్షిణదేశపు చెరువుకట్టలలోను, బావులలోను, కాలువలలోను వారి చెమట యున్నది. గుంటలో అక్కడక్కడ త్రవ్వక విడిచిన మట్టిదిమ్మలనుబట్టి ఎంత లోతు త్రవ్వినదియు కొలుచు పద్ధతి మట్టిపనివారిది. పిల్లలకు కొలత నేర్పుటకు దానికంటె చక్కని ఉపాయము లేదు. మన వలసచరిత్రను చెప్పునపుడు దండనాయకులను, వర్తకులను, నేతగాండ్రను చెప్పుదుము. పలుగు, పార, తట్ట పట్టుకొని వచ్చినవారిని గూడ చెప్పుట న్యాయము.

చెరువును కట్టుట ఒక యెత్తు, కాచుట ఒక యెత్తు. చెరువును కట్టినవారికిని, చక్కబెట్టుచుండువారికిని భూమి నిచ్చు దశబంధ మాన్యములు మన సీమలలో నుండెను. కన్నడదేశమున దీనివంటిదే కట్టుకొడగె. తూము తెరచి మూసి, ఎవరి మడికి ఎంత నీరో తీర్చి పారించు మనిషిని తెలంగాణమున నీరటి యనిరి. కోలారు, చిత్తూరు సీమలలో నీరుగంటి యనిరి. తమిళ దేశమున నీర్కట్టి యనిరి. ఈతడు పెద్ద చదువు చదివినవాడు కాడు. అయినను ఆ సంవత్సరపు చెరువునీరు ఎన్ని మళ్లకు చాలునో కట్టమీద నిలిచి చెప్పగలిగెడివాడు. శాసనమున చెప్పిన అయిదవ, ఆరవ దోషములను ఏటేట సరిచూచు అనుభవశాస్త్రజ్ఞుడు అతడే.

ఈ వ్యవస్థ చెదరినది. అందు మన పట్టణముల పాలు తక్కువ కాదు. చెన్నపట్టణమున మాంబలముదాపున నుండిన పొడవాటి పెద్దచెరువును 1920 దాటిన పిమ్మట పూడ్చి, ఆ నేలపై ఒక కొత్తపేటను వెలయించిరి. ఆ పేటకు తెలుగువాడగు సర్ పిట్టి త్యాగరాయచెట్టిగారి పేరు పెట్టిరి. బెంగుళూరున ధర్మాంబుధి చెరువుండిన నేలపై నేడు బస్సులు నిలుచుచున్నవి. సంపంగి చెరువున్న చోట క్రీడారంగము వెలసినది. ఈ పేటలలో మన కుటుంబములు ఎన్నియో కాపురమున్నవి. మనము పరాయివారిని నిందించుటకు వీలులేదు. 2015లో చెన్నపట్టణము వరదలో మునిగినది. 2019లో అదే నగరమునకు జలాశయములు ఎండిపోయి, జోలార్‌పేటనుండి రైలుబండ్లలో నీరు తేవలసి వచ్చెను. 2024 వేసవిలో బెంగుళూరున వేలకొలది బోరుబావులు ఎండిపోయెను. నీరు నిలువవలసిన చోటును తొలగించినచో వరదయు, కరవును ఒకే యింటి వాకిట నిలుచునని ఈ రెండు నగరములు చెప్పుచున్నవి.

మంచి ఉదాహరణములును కలవు. 1983లో కుదిరిన ఒడంబడిక ననుసరించి తెలుగుగంగ కాలువద్వారా కృష్ణానీరు 1996లో పూండి జలాశయమును చేరెను. నాటినుండి చెన్నపట్టణపు కొళాయిలో కృష్ణమ్మ పాలుగూడ నున్నది. మహారాష్ట్రము, కర్ణాటకము, ఆంధ్రదేశము తలకొక 5 టి.ఎం.సీ.ల నీటిని తమ వాటానుండి ఇచ్చుటకు సమ్మతించినందుననే ఇది సాధ్యమైనది. 2018 మొదలు బెంగుళూరులో వాడిన నీటిని శుద్ధిచేసి కోలారు సీమ చెరువులలోనికి పంపుచున్నారు. నీరు ఒకసారి వాడగానే చచ్చిపోదని పిల్లలకు చూపుటకు ఇది ప్రత్యక్ష నిదర్శనము.

ఇక పాఠముల మాట. చెరువు కథలనగానే మనకు ముసలమ్మ కథ స్ఫురించును. అనంతపురపు సీమలో బుక్కరాయసముద్రము చెరువు తెగబోవగా ఊరికొరకు ప్రాణమిచ్చిన ఆ యింటికోడలి చరితమును కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యముగా రచించిరి; పిదప వారు మైసూరు సంస్థానపు విద్యాశాఖలో ఉన్నతపదవి నిర్వహించిరి. అది మహోదాత్తమైన కథయే. అయినను ఆరేండ్ల పసివారికి నీటివిషయమున మొదట చెప్పదగినది బలికథ కాదు. భయపడిన బిడ్డ ఆ దినము కొళాయి కట్టివేయును. భయము తీరిన పిమ్మట మరచిపోవును. చేతితో కట్ట కట్టిన బిడ్డ మరువడు. అందువలన పోరుమామిళ్ల శాసనము ననుసరించి నేను అయిదు ఆదివారముల పాఠమును ఏర్పరచుకొంటిని. దానిని ఇచ్చట మనవి చేయుచున్నాను.

మొదటి ఆదివారము నేల. అడుగున చిల్లులున్న మూడు కుండీలలో ఒకదాన ఇసుక, ఒకదాన ఎఱ్ఱమన్ను, ఒకదాన బంకమన్ను నింపి, ఒక్కొక్క చెంబెడు నీరు పోయవలెను. దేనినుండి నీరు ముందు జారునో పిల్లలే చెప్పుదురు. చెరువునకు బంకనేల ఏల కావలెనో మనము చెప్ప నక్కరలేదు.

రెండవ ఆదివారము కట్ట. పెరటిలో గాని, వెడల్పైన పళ్లెరములో గాని మట్టితో చిన్న చెరువు కట్టింపవలెను. బొప్పాయి ఆకు కాడ లోపల బోలుగా నుండును, అదియే తూము. ముందు అలుగు లేకుండ కట్టించి నీరు పోయవలెను. కట్ట పొంగి తెగును. పిల్లలు కేకలు వేయుదురు, వేయనిండు. మరల అలుగు పెట్టించి పోసినపుడు కట్ట నిలుచును. అధికమైన నీటికి త్రోవ విడువవలెనను సంగతి వారికి ఆ క్షణమున తెలియును.

మూడవ ఆదివారము ఊట, అనగా మొదటి దోషము. బొట్టుబొట్టుగా కారు కొళాయి క్రింద గిన్నె పెట్టి, పాఠము ముగియువరకు వేచి, పడిన నీటిని కొలిపింపవలెను. క్షణమునకు, అనగా సెకనునకు, ఒక బొట్టు చొప్పున కారినచో దినమునకు 86,400 బొట్లు. మిల్లీలీటరునకు 20 బొట్లని లెక్కించినను నాలుగు లీటర్లు దాటును. మన యింటి కొళాయియు ఒక చెరువుకట్టయే యని, అందును ఊట దోషమేనని బిడ్డ తెలిసికొనును. ఇచ్చటనే 'నీటిని వృథా చేయరాదు' అను వాక్యమునకు అర్థము పుట్టును.

నాలుగవ ఆదివారము పంపకము. పదిమంది పిల్లలకు పది మొక్కలు. అందరికిని కలిపి ఒక్క బిందెడు నీరు. ఒకరిని నీరుగంటిగా నియమింపవలెను. మొదటి రెండు మొక్కలకే బిందె ఖాళీచేసిన నీరుగంటిని తక్కినవారు ఊరకే విడువరు! నీరు స్వల్పమై నేల విస్తారమైన దోషమును, పంచుకొనుటలోని ధర్మమును ఈ ఆట చెప్పును.

అయిదవ ఆదివారము వాన. ఇంటికప్పు వైశాల్యమును అడుగులతో కొలిపించి లెక్క చెప్పవలెను. నూరు చదరపు మీటర్ల కప్పుపై ఒక్క సెంటీమీటరు వాన కురిసినను వేయి లీటర్ల నీరు. ఆ వాన వీథిలోనికి పోవుచున్నదా, ఇంకుడుగుంతలోనికి పోవుచున్నదా పిల్లలే పోయి చూచి రావలెను. ఇల్లు కట్టిన తండ్రికి ఆ సాయంకాలము కొన్ని ప్రశ్నలు తప్పవు.

ఈ పాఠములకు తోడు మాటల పాఠమొకటి జరుగవలెను. మన తూము కన్నడమున తూబు, తమిళమున తూంబు. మన అలుగు కన్నడమున కోడి, తమిళమున కలింగు. ఏరు అనగా మనకు పారునీరు. కన్నడమున ఏరి యనగా చెరువుకట్ట. తమిళమున ఏరి యనగా చెరువే. ఈ సంగతి విన్న మా తరగతి పిల్లలు పకపక నవ్విరి. పాఠశాలలో ఒక భాష, ఇంట ఒక భాష అని బరువుగా తలచుచుండిన పిల్లలు ఆ దినము ఆ రెండు భాషలను రెండు కండ్లవలె చూచిరి.

ఊరినిబట్టి పాఠము మారవలెను. షోలాపురపు నేతకుటుంబముల పిల్లలకు పోరుమామిళ్ల చెరువుకంటె ముందు వారి సిద్ధేశ్వరుని చెరువు చూపవలెను. 12వ శతాబ్దివాడగు సిద్ధరామేశ్వరుడు దానిని నిర్మించెనని ప్రతీతి. గంజాము సీమ బిడ్డలకు ఋషికుల్య, కాలువలు ఉన్నవి. యానాము బిడ్డకు గోదావరి వాకిటనే యున్నది; అయినను సముద్రపుపోటుకు ఏటినీరు ఉప్పనగుటను చూచిన ఆ బిడ్డకు తీయని నీటి విలువ మనకంటె త్వరగా బోధపడును. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమువద్ద కాటన్ దొర కట్టించిన ఆనకట్ట కథ వానికి తొలిపాఠము కాదగును. శాసనము పోరుమామిళ్లదైనను చెరువు మాత్రము తన ఊరిదే కావలెను.

నా తరగతిలో అయిదు వారములు గడచిన పిమ్మట అదే ప్రశ్న మరల నడిగితిని. బొమ్మలలో మబ్బు వచ్చినది; కొండ వచ్చినది; కట్ట వచ్చినది. నీలి డబ్బాను గీసిన బాలిక ఈ మారును డబ్బాను మానలేదు. కాని దాని వెనుక ఒక చెరువును గీచి, కట్టమీద ఒక మనిషిని నిలిపినది. 'ఎవరమ్మా ఈ మనిషి?' అంటిని. 'నీరుగంటి తాతా, అందరికీ వస్తాయో లేదో చూస్తున్నాడు' అన్నది.

నేను ఆ బొమ్మను దాచుకొంటిని. ఇద్దరు రాజుల పొలిమేర చెరువునకు దోషమని ఆనాటి శాస్త్రము. అది నిజమే కావచ్చును. అయితే రెండు భాషల పొలిమేరలో పెరిగిన బిడ్డకు ఇరుగట్ల మాటయు తెలియును. ఆ బిడ్డకు చెరువును పరిచయము చేయుట మన తరము చేయవలసిన పని. సప్తసంతానములలో క్రొత్తగా చెరువు త్రవ్వించు భాగ్యము మనకు లేకపోవచ్చును. ఉన్న చెరువునకు ఒక బిడ్డను చూపి, ఆ బిడ్డకు చెరువును చూపి, ఇరువురికిని చుట్టరికము కలుపగల శక్తి మాత్రము ప్రతి గృహస్థునకును కలదు. వచ్చు ఆదివారము బిడ్డను చేయిపట్టుకొని మీ ఊరి చెరువుకట్టవరకు నడువుడని నా ప్రార్థన.